గీత మారితే సగటు మారుతుంది: ఉత్తర తెలంగాణ అధ్యయనాల్లో జోనల్ గణాంకాల వినియోగం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉపగ్రహ చిత్రాల నుంచి, వర్షపాత పటాల నుంచి జిల్లా సగటును, మండల సగటును రాబట్టే ప్రక్రియకు భౌగోళిక సమాచార వ్యవస్థల శాస్త్రంలో ‘జోనల్ స్టాటిస్టిక్స్’ అని పేరు. సాఫ్ట్‌వేర్‌లో కొద్ది నిమిషాల్లో ముగిసే ఈ లెక్క ఇచ్చే సంఖ్యను నేల గుణంగా మాత్రమే గ్రహించడం పరిపాటి. ఆ సంఖ్యలో నేల గుణంతోపాటు సరిహద్దు గీత గుణం, గడి పరిమాణం గుణం కూడా కలిసే ఉంటాయి. పూర్వపు ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల సరిహద్దులు 1956లోను, 2016లోను మారిన తీరును ఆధారం చేసుకొని ఈ విషయాన్ని నిరూపించడం, అటువంటి అధ్యయనాలను పరీక్షించడానికి కొన్ని ప్రమాణాలను సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: రాస్టర్, జోనల్ గణాంకాలు, ఆదిలాబాద్, కరీంనగర్, జిల్లాల పునర్వ్యవస్థీకరణ, సగటు, గడి పరిమాణం.

1. ఉపోద్ఘాతం:

“అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు” అన్నది లోకోక్తి. ఒకే కుండలో, ఒకే నీటిలో, ఒకే మంట మీద ఉడికిన మెతుకులకు ఆ మాట వర్తిస్తుంది. ఉట్నూరు పీఠభూమి, మంచిర్యాల బొగ్గు గనులు, నిర్మల్ వరి పొలాలు, పెన్‌గంగ ఒడ్డున పత్తి చేలు ఒకే జిల్లా పేరు కింద ఉన్నంతమాత్రాన ఒకే కుండలోని మెతుకులు కావు. అయినా వీటన్నిటినీ కలిపి ఒకే సంఖ్యగా చెప్పే అలవాటు పరిశోధనలో స్థిరపడింది.

ఈ అలవాటుకు కారణం లేకపోలేదు. క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్, ల్యాండ్‌శాట్, సెంటినెల్ వంటి ఉచిత ఉపగ్రహ చిత్రాలు అందుబాటులోకి వచ్చాక, ఒకప్పుడు పెద్ద సంస్థలకే సాధ్యమైన పని జిల్లా కేంద్రంలోని డిగ్రీ కళాశాల అధ్యాపకునికి కూడా సాధ్యమయింది. ఇది మేలైన పరిణామం. పరికరం చేతికి అందినంత సులభంగా దాని పరిమితుల ఎరుక అందలేదన్నదే ఇక్కడి విమర్శ. జిల్లా సగటు పచ్చదనం, మండల సగటు వర్షపాతం పట్టికల్లోకి ఎక్కిన తరువాత వాటి మీద సహసంబంధాలు, సూచికలు, ర్యాంకులు నిర్మితమవుతాయి. పునాదిలోని సంఖ్య ఎలా పుట్టిందన్న ప్రశ్న సిద్ధాంత గ్రంథంలో ఒక వాక్యానికి మించి చోటు పొందదు.

2. ప్రక్రియ స్వరూపం:

రాస్టర్ అంటే నేలను సమాన పరిమాణం గల గడులుగా విభజించి, ప్రతి గడికి ఒక విలువను కేటాయించిన పటం. ఆ విలువ ఎత్తు కావచ్చు, వర్షపాతం కావచ్చు, పచ్చదన సూచిక కావచ్చు. పాలిగన్ అంటే సరిహద్దు గీతతో మూసిన బహుభుజి. జిల్లా, మండలం, చెరువు ఆయకట్టు, అభయారణ్యం ఏదైనా కావచ్చు. మొదటిదాని మీద రెండోదాన్ని పరచి, ప్రతి బహుభుజిలో పడిన గడుల సంఖ్య, మొత్తం, సగటు, కనిష్ఠం, గరిష్ఠం, ప్రామాణిక విచలనం లెక్కించడమే జోనల్ గణాంకాలు. ‘జోన్’ అన్న మాటకు ‘మండలం’ అన్న అనువాదం సహజంగా తోచినా, తెలుగు నేలపై ఆ మాట పాలనా విభాగానికి స్థిరపడినందువల్ల ఈ వ్యాసంలో ‘పరిధి’ అన్న పదం వాడబడింది.

గడుల లెక్కలను స్థానిక, సామీప్య, పరిధి ప్రక్రియలుగా వర్గీకరించి ‘మ్యాప్ ఆల్జీబ్రా’ అన్న పేరుతో క్రమబద్ధం చేసినవాడు డానా టామ్లిన్. 1990లో వెలువడిన ఆయన గ్రంథం ఈ పరిభాషకు స్థిరత్వం కలిగించింది. ఈ పద్ధతిలో పరిధి అన్నది ముందే ఇచ్చిన వస్తువు. దాన్ని ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు, ఎందుకు గీశారు అన్నవి లెక్కలోకి రావు. సాఫ్ట్‌వేర్ అడగని ఆ ప్రశ్నలను అడగవలసిన బాధ్యత పరిశోధకునిదే.

పరిధి నిర్ణయం ఫలితాన్ని ఎంతగా శాసిస్తుందో 1979లో స్టాన్ ఓపెన్‌షా, పీటర్ టేలర్ చూపారు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఉన్న 99 కౌంటీలను రకరకాలుగా కలుపుతూ, వృద్ధుల నిష్పత్తికీ రిపబ్లికన్ పార్టీకి పడిన ఓట్లకూ గల సహసంబంధాన్ని వారు లెక్కించారు. మూల సమాచారం మారలేదు, కలిపిన తీరు మాత్రమే మారింది. ఫలితం దాదాపు పూర్తి ప్రతికూలత నుంచి దాదాపు పూర్తి అనుకూలత దాకా మారింది. అక్కడ ప్రయోగం కోసం గీతలను మార్చారు. ఉత్తర తెలంగాణలో ఆ గీతలను చరిత్రే మార్చింది.

3. ఒకే పేరు – వేరువేరు నేలలు:

నిజాం పాలనలో 1905లో ఆదిలాబాద్ పూర్తి స్థాయి జిల్లా అయింది. ఆ కాలంలోనే ఎలగందుల జిల్లా కరీంనగర్ జిల్లాగా మారింది. 1956లో హైదరాబాద్ రాష్ట్రం విచ్ఛిన్నమైనప్పుడు మరాఠీ ప్రాంతాలైన కిన్వట్, రాజూరా ఆదిలాబాద్ నుంచి విడిపోయి బొంబాయి రాష్ట్రంలో చేరాయి. అందువల్ల 1951 జనగణనలోని ఆదిలాబాద్, 1961 జనగణనలోని ఆదిలాబాద్ ఒకటి కావు. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడడంతో జిల్లా లోపలి గీతలు కూడా మారాయి.

అన్నిటికంటె పెద్ద మార్పు 2016 అక్టోబర్ 11న, దసరా నాడు జరిగింది. తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 16,105 చదరపు కిలోమీటర్ల ఆదిలాబాద్ నుంచి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. 11,823 చదరపు కిలోమీటర్ల కరీంనగర్ నుంచి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడడమే కాక, హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి సిద్దిపేటలోను, కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి వరంగల్ అర్బన్‌లోను, మహదేవపూర్, కాటారం వైపు అటవీ ప్రాంతం జయశంకర్ భూపాలపల్లిలోను కలిశాయి. మిగిలిన కొత్త కరీంనగర్ విస్తీర్ణం సుమారు 2,128 చదరపు కిలోమీటర్లు. పాత జిల్లాలో అయిదోవంతుకు కూడా అది చేరదు.

ఈ నేపథ్యంలో ‘కరీంనగర్ జిల్లాలో పచ్చదనం: 2005–2020’ అన్న తరహా అధ్యయనాన్ని ఊహిస్తే సమస్య స్పష్టమవుతుంది. మొదటి భాగానికి పాత సరిహద్దును, చివరి భాగానికి కొత్త సరిహద్దును వాడితే, పట్టికలో కనిపించే మార్పులో పంట వల్ల వచ్చినదెంత, గీత వల్ల వచ్చినదెంత అన్నది విడదీయరాదు. మహదేవపూర్ అడవులు పరిధి నుంచి తొలగిపోతే సగటు పచ్చదనం మారుతుంది. అది అటవీ నిర్మూలన కాదు. దిగువ మానేరు పరిసరాల పల్లపు పొలాల వాటా పరిధిలో పెరిగితే యాసంగి పచ్చదనం పెరిగినట్టు తోస్తుంది. అంతమాత్రాన అది సాగునీటి విజయం కాదు. అడవి నిజంగా తరిగి ఉండవచ్చు, సాగు నిజంగా పెరిగి ఉండవచ్చు. ఆ పట్టిక మాత్రం దాన్ని నిరూపించలేదు. పేరు ఒకటైనంత మాత్రాన పరిధి ఒకటి కాదన్న ఈ చిన్న విషయాన్ని విస్మరించిన కాలశ్రేణి ఏదైనా, దాని తరువాతి గణితం ఎంత పటిష్ఠమైనా నిలవదు.

కొత్త జిల్లాల సగటులను కలిపి పాత జిల్లా సగటును పొందే ప్రయత్నంలోనూ పొరపాటు దొర్లుతుంది. నాలుగు జిల్లాల సగటులను కూడి నాలుగుతో భాగిస్తే వచ్చేది సగటుల సగటు. ప్రతి జిల్లా సగటును దానిలోని గడుల సంఖ్యతో గుణించి, మొత్తం గడులతో భాగిస్తేనే భారిత సగటు లభిస్తుంది. పైగా కరీంనగర్ విషయంలో నాలుగు వారస జిల్లాలను కలిపినా పాత జిల్లా తిరిగి రాదు. సిద్దిపేట, హనుమకొండ, భూపాలపల్లి జిల్లాల్లోకి వెళ్ళిన మండలాలను కూడా చేర్చాలి. మధ్యగతం వంటి విలువలనైతే ఏ భారంతోనూ తిరిగి కూర్చలేము. మూల గడుల దాకా వెళ్ళవలసిందే.

4. గడి పరిమాణం – గుంట నుంచి లక్ష ఎకరాల దాకా:

తెలంగాణ రైతు నేలను గుంటల్లో, ఎకరాల్లో కొలుస్తాడు. 40 గుంటలు ఒక ఎకరం. ఒక గుంట సుమారు 101 చదరపు మీటర్లు. ఈ కొలతతో చూస్తే రాస్టర్ల స్వభావం తేటపడుతుంది. సెంటినెల్-2 చిత్రంలో 10 మీటర్ల గడి దాదాపు ఒక గుంట. ల్యాండ్‌శాట్‌లోని 30 మీటర్ల గడి సుమారు 9 గుంటలు. 250 మీటర్లదిగా వ్యవహరించే మోడిస్ గడి అసలు కొలత సుమారు 232 మీటర్లు, అంటే దాదాపు 13 ఎకరాలు. మూడెకరాల పత్తి రైతు చేను మోడిస్ గడిలో పావు వంతు కూడా నిండదు. పక్కనున్న కంది, బీడు, తుమ్మ చెట్లు అన్నీ కలిసిన విలువే అక్కడ కనిపిస్తుంది.

వర్షపాతం విషయంలో ఈ అంతరం మరీ పెద్దది. భారత వాతావరణ విభాగం రూపొందించిన 0.25 డిగ్రీల దైనిక వర్షపాత రాస్టర్ 1901 నుంచి లభిస్తుంది. దేశవ్యాప్తంగా దాదాపు 7 వేల వర్షమాపక కేంద్రాల నమోదుల నుంచి అంతర్వేశనం ద్వారా తయారైన విలువైన సమాచార నిధి అది. ఈ అక్షాంశాల వద్ద దాని ఒక్కొక్క గడి విస్తీర్ణం సుమారు 730 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు లక్షా ఎనభై వేల ఎకరాలు. పాత ఆదిలాబాద్ జిల్లా మొత్తం విస్తీర్ణానికి సుమారు 22 గడులు సరిపోతాయి. ఆ జిల్లాలో 52 మండలాలు ఉండేవి. పాత కరీంనగర్‌కు 16 గడులు సరిపోతాయి, మండలాలు 57. కొత్త కరీంనగర్ జిల్లా మూడు గడుల పాటి నేల.

సరిహద్దు గడులను కలుపుకొన్నా లెక్క పెద్దగా మారదు. 57 మండలాలకు 57 వర్షపాత సగటులను పట్టికగా వేసినప్పుడు, వాటి వెనుక ఉన్న విడి విలువలు అందులో సగానికి అటూఇటూ మాత్రమే. ఇరుగుపొరుగు మండలాలకు వచ్చేది ఒకే గడి విలువ, లేదా అవే రెండు మూడు గడుల మిశ్రమం. ఈ పట్టిక మీద దిగుబడితో సహసంబంధం లెక్కించి, 57 స్వతంత్ర పరిశీలనలు ఉన్నట్టు సార్థకతా పరీక్ష జరిపితే, లేని నిశ్చయం ఉన్నట్టు కనిపిస్తుంది. గడిని సాఫ్ట్‌వేర్‌లో చిన్న చిన్న గడులుగా కోసినా ప్రయోజనం లేదు. రొట్టెను ఎన్ని ముక్కలు చేసినా పిండి పెరగదు.

ఇక్కడే సాఫ్ట్‌వేర్ల మధ్య భేదం కూడా బయటపడుతుంది. సాధారణంగా గడి కేంద్రబిందువు బహుభుజి లోపల పడితేనే ఆ గడి లెక్కలోకి వస్తుంది. ఆర్క్‌జీఐఎస్ బహుభుజులను ముందుగా రాస్టర్‌గా మారుస్తుంది. గడి పరిమాణాన్ని వేరుగా నిర్దేశించకపోతే, ఏ గడి కేంద్రమూ పడని చిన్న పరిధి ఫలిత పట్టిక నుంచే తొలగిపోతుంది. క్యూజీఐఎస్‌లో పరిధికి ఒక గడికి మించి దక్కనప్పుడు, గడి ఎంత భాగం పరిధిని తాకిందో లెక్కించి భారిత సగటు ఇచ్చే ఏర్పాటు ఉంది. అంటే ఒకే రాస్టర్, ఒకే మండల పటం ఇచ్చినా రెండు పట్టికలు వేరుగా రావచ్చు. ‘జీఐఎస్ ద్వారా లెక్కించబడింది’ అన్న వాక్యం అందువల్ల పద్ధతిని వివరించినట్టు కాదు.

5. సగటు దాచే భేదాలు:

ఊహాత్మకంగా ఒక మండలాన్ని తీసుకుంటే, అందులో సగం గడులు దట్టమైన టేకు అడవి, వాటి పచ్చదన సూచిక 0.8, మిగిలిన సగం కోత ముగిసిన పొలాలు, సూచిక 0.2. సగటు 0.5. ఆ విలువ గల నేల ఆ మండలంలో ఒక్క గడి కూడా లేదు. పూర్వపు ఆదిలాబాద్ మండలాలు అనేకం ఈ స్వభావం గలవే. 2012లో ఏర్పడిన కవ్వాల పులుల అభయారణ్యం నాలుగు కొత్త జిల్లాల్లోనూ విస్తరించి ఉంది. అడవి పరిధి వేరు, జిల్లా పరిధి వేరు. అడవి పచ్చదనం జిల్లా సగటును పెంచితే, దాని నీడలో ఎండిన చేను కనిపించకుండా పోతుంది.

ఇది కేవలం గణిత సమస్య కాదు. తెలుగు రాష్ట్రాల్లో కరువు ప్రకటనకు మండలమే ప్రమాణం. అడవి గల మండలంలో సగటు పచ్చదనం నిలకడగా కనిపించినప్పుడు, ఆ అడవి అంచున మెట్ట పంట పోగొట్టుకున్న గోండు రైతు నష్టం ఆ సంఖ్యలో నమోదు కాదు. కొలాం గూడెం విస్తీర్ణం ఎన్నో రాస్టర్లలో ఒక గడికి కూడా చాలదు. అటువంటి చోట సగటును మాత్రమే ఆధారం చేసుకొన్న సూచిక, చూడవలసిన మనిషినే చూడదు. పంట గడులను మాత్రమే ఏరి, వాటి మీదనే లెక్కిస్తే ఈ దోషం చాలావరకు తగ్గుతుంది.

రాత్రి వెలుగుల రాస్టర్‌ను అభివృద్ధి సూచికగా వాడడంలోనూ ఇదే చిక్కు. రామగుండంలోని తాప విద్యుత్ కేంద్రం, సింగరేణి గనుల దీపాలు పెద్దపల్లి జిల్లా సగటును పెంచుతాయి. ఆ వెలుగు పరిశ్రమది. జిల్లాలోని ప్రతి ఇంటిదీ కాదు. సమూహపు సంఖ్య నుంచి వ్యక్తి స్థితిని ఊహించడంలోని దోషాన్ని విలియం రాబిన్సన్ 1950లోనే చూపాడు. ఆ హెచ్చరిక ఉపగ్రహ కాలంలోనూ అంతే వర్తిస్తుంది.

కొన్ని రాస్టర్లకు సగటే అర్థరహితం. భూవినియోగ పటంలో అడవికి 1, పంటకు 2, నీటికి 3 అని సంకేతాలుంటే, మండల సగటు 2.1 అన్న ఫలితం ఏ నేలనూ సూచించదు. అక్కడ ఒక్కొక్క వర్గం గడులను లెక్కించడమే సరైన పని. సాఫ్ట్‌వేర్ మాత్రం రెండు లెక్కలనూ అభ్యంతరం లేకుండా చేసిపెడుతుంది.

6. అంచు గడులు, నీటి గడులు:

పూర్వపు ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలకు గోదావరి సహజమైన ఎల్ల. పటంలో సన్నని గీతగా కనిపించే నది నేల మీద విశాలమైన ఇసుక, నీరు. గీత నది నడుమ సాగితే, ఆ ఇసుక, నీరు రెండు వైపుల పరిధుల్లోనూ పడతాయి. నీటి గడులకు పచ్చదన సూచిక సాధారణంగా సున్నాకు దిగువన ఉంటుంది. మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాల నడుమ శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం నిండాక ఒకప్పటి పొలాలు నీటి గడులయ్యాయి. ఆ గడులను తొలగించకుండా సగటు తీస్తే, జలాశయం వల్ల దిగువన సాగు మెరుగుపడిన సందర్భంలో కూడా పరిధి సగటు తగ్గవచ్చు. సాగునీటి పథకం ఫలితాన్ని కొలవవలసిన సంఖ్య, దాని ముంపును కొలుస్తుంది. పథకాన్ని మెచ్చుకోవడానికైనా, ప్రశ్నించడానికైనా అటువంటి సంఖ్య పనికిరాదు. ఈ సందర్భంలో తగిన పరిధులు రెండు: ఆయకట్టు ఒకటి, ముంపు ప్రాంతం మరొకటి. జిల్లా కాదు.

విస్తీర్ణాల లెక్కలో మరొక స్థానిక విశేషం ఉంది. డిగ్రీల్లో ఉన్న రాస్టర్ నుంచి విస్తీర్ణం తీయడానికి ముందు దాన్ని మీటర్ల ప్రక్షేపంలోకి మార్చాలి. ఉత్తర తెలంగాణకు సాధారణంగా యూటీఎం 44వ మండలాన్ని వాడతారు. అది 78 డిగ్రీల తూర్పు రేఖాంశం నుంచి మొదలవుతుంది. బాసర, భైంసా ఆ రేఖకు కొద్దిగా పడమరన, 43వ మండలంలో పడతాయి. ఉపగ్రహ చిత్రాలు రెండు ప్రక్షేపాల్లో లభించే ఈ చోట, అన్నిటినీ ఒకే ప్రక్షేపంలోకి తెచ్చి కూర్చకపోతే కొన్ని గడులు రెండుసార్లు లెక్కలోకి రావడమో, ఖాళీ మిగలడమో జరుగుతుంది.

7. పరీక్షా ప్రమాణాలు:

పై పరిశీలన నుంచి పరిశోధకులు, పర్యవేక్షకులు, పరీక్షకులు అడగదగిన ప్రశ్నలు ఇలా రూపుదిద్దుకొంటాయి.

అ) వాడిన సరిహద్దు పటం ఏ సంవత్సరానిది? అధ్యయన కాలమంతటికీ ఒకే సరిహద్దును వాడారా?
ఆ) అతి చిన్న పరిధిలో ఎన్ని గడులు పడ్డాయి? సగటు పక్కనే గడుల సంఖ్యను ప్రకటించారా?
ఇ) సగటుతోపాటు మధ్యగతం, ప్రామాణిక విచలనం ఇచ్చారా? నీరు, మబ్బు, విలువ లేని గడులను ఎలా తొలగించారు?
ఈ) ఏ సాఫ్ట్‌వేర్, ఏ సంచిక, అంచు గడులకు ఏ నియమం?
ఉ) మండలానికి బదులు నీటి పరీవాహక ప్రాంతం వంటి మరొక పరిధితో లెక్కించినా అదే నిర్ధారణ నిలుస్తుందా?

వీటిలో చివరిది ప్రధానమైనది. పాలనా పరిధితో నిలిచిన నిర్ధారణ కడెం, మానేరు వంటి ఉపనదుల పరీవాహక పరిధులతో కూలిపోతే, అది నేలను గురించిన నిర్ధారణ కాదు, గీతను గురించినది. రెండింటితోనూ నిలిస్తే దాని విలువ ఇనుమడిస్తుంది. ఈ పరీక్షకు అదనపు ఖర్చు లేదు. కావలసిందల్లా ఒక పూట శ్రమ.

8. ముగింపు:

జోనల్ గణాంకాలను వర్జించాలన్నది ఈ విమర్శ తాత్పర్యం కాదు. కోట్ల గడులను మనిషి చదవలేడు. ఏదో ఒక పరిధిలో క్రోడీకరించక తప్పదు. పాలన, నిధులు, సహాయం అన్నీ జిల్లా, మండల పరిధుల్లోనే నడిచే దేశంలో ఆ పరిధుల సగటులు అవసరం కూడా. అయితే ఒక సగటును ప్రకటించడమంటే ఒక గీతను ఎన్నుకోవడం. 1956లోను, 2016లోను గీతలు మారిన ఉత్తర తెలంగాణలో ఆ ఎన్నికను చెప్పకుండా వదిలేయడం చిన్న లోపం కాదు. ఆ సంఖ్యలు సిద్ధాంత గ్రంథాల్లోనే ఉండిపోవు. వాటి మీద ప్రాధాన్యక్రమాలు ఏర్పడతాయి, కొన్ని గ్రామాలు లెక్కలోకి వస్తాయి, కొన్ని రావు. పరిధిని, గడిని, నియమాన్ని సగటు పక్కనే రాసిన అధ్యయనాన్ని మరొకరు సరిచూడగలరు, సరిదిద్దగలరు, కొనసాగించగలరు. అవి లేని పట్టిక ఎంత కచ్చితంగా కనిపించినా, దశాంశ స్థానాలు ఎన్ని ఉన్నా, దాన్ని పరిశోధన ఫలితంగా స్వీకరించడానికి ఆధారం చాలదు.